రెండో మానిటర్ కోసం మదర్‌బోర్డు మార్చాలా?

ప్రశ్న: నమస్కారం. తెనాలిలో చిన్న డీటీపీ సెంటర్ నడుపుతున్నాను. శుభలేఖలు, కరపత్రాలు, స్కూళ్ల ప్రశ్నపత్రాలతో పాటు ఆన్‌లైన్ అప్లికేషన్లు కూడా నింపుతాం. ఈమధ్య మ్యాటర్ అంతా వాట్సాప్‌లో ఫొటోగా వస్తోంది. ఒకే స్క్రీన్ మీద ఆ ఫొటో ఒకసారి, పేజీ ఒకసారి మార్చి మార్చి చూస్తూ టైప్ చేయలేక సెకండ్‌హ్యాండ్‌లో 22 అంగుళాల మానిటర్ ఇంకొకటి తీసుకున్నాను. దానికి వీజీఏ, హెచ్‌డీఎంఐ రెండూ ఉన్నాయి. నాది 2020లో కొన్న అసెంబుల్డ్ సిస్టమ్, ఐ3 తొమ్మిదో జనరేషన్. పాత మానిటర్ సీపీయూ వెనక కింది భాగంలో ఉన్న హెచ్‌డీఎంఐకి పెట్టి ఉంది. దాని పక్కన తెల్లగా, చాలా రంధ్రాలతో పొడుగాటి పోర్టు ఒకటి ఖాళీగా ఉంది. పైన నీలం రంగు వీజీఏ కనిపిస్తే కొత్త మానిటర్ దానికి పెట్టాను. ‘నో సిగ్నల్’ అంటోంది. షాపులో అడిగితే హెచ్‌డీఎంఐ స్ప్లిటర్ ఇచ్చారు. దాంతో రెండింట్లోనూ ఒకే బొమ్మ వస్తోంది. మళ్లీ వెళ్తే ‘వీజీఏ పోయింది, మదర్‌బోర్డు మార్చాలి’ అన్నారు. ఇది పెళ్లిళ్ల సీజన్, సిస్టమ్‌ను షాపులో వదిలే పరిస్థితి లేదు. టెన్షన్‌గా ఉంది. నిజంగా మార్చాలా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: అక్కర్లేదమ్మా. మదర్‌బోర్డు కోసం ఒక్క రూపాయి కూడా పెట్టకండి. పైనున్న వీజీఏలో బొమ్మ రాకపోవడం మీలాంటి సిస్టమ్‌లో మామూలే, అది పాడైందనడానికి గుర్తు కాదు. మీకు కావలసింది ఆ తెల్ల పోర్టు. దాని పేరు డీవీఐ. దానికి సరిపడే కేబుల్ ఒక్కటి తెచ్చుకుంటే సిస్టమ్ కదిలించకుండానే పని అయిపోతుంది. అయితే ఆ కేబుల్ విషయంలో చిన్న తేడా వచ్చినా డబ్బు మళ్లీ వృథా అవుతుంది కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు సీపీయూ వెనక భాగం చూడండి. పైన కీబోర్డు, మౌస్, నెట్ కేబుల్, స్పీకర్లు పెట్టుకునే చోటు ఉంది కదా, అదంతా మదర్‌బోర్డుది. మీ వీజీఏ అక్కడే ఉంది. దానికి కింద, స్క్రూతో బిగించిన సన్నటి రేకు పట్టీ అడ్డంగా ఉంటుంది. మీ హెచ్‌డీఎంఐ, తెల్ల పోర్టు ఆ పట్టీ మీదే ఉన్నాయి. అంటే మీ సిస్టమ్‌లో మానిటర్‌కు బొమ్మ పంపడానికి విడిగా గ్రాఫిక్స్ కార్డు వేశారన్నమాట. కార్డు ఉన్న సిస్టమ్‌లో మానిటర్లన్నీ కార్డుకే పెట్టాలి. చాలా మదర్‌బోర్డులు కార్డు కనిపించగానే తమ సొంత వీడియో పోర్టులను ఆపేస్తాయి. మీరు పైన వీజీఏకి పెట్టినప్పుడు ‘నో సిగ్నల్’ వచ్చింది అందుకే.

మీ విషయంలో ఇంకో కారణం కూడా ఉండొచ్చు. మదర్‌బోర్డు మీద వీజీఏ ఉన్నా, అందులోకి బొమ్మ పంపేది ప్రాసెసర్ లోపల ఉండే గ్రాఫిక్స్ భాగం. ఇంటెల్ ప్రాసెసర్లలో పేరు చివర ఎఫ్ అక్షరం ఉంటే ఆ భాగం పనిచేయదు. ఐ3–9100ఎఫ్ అలాంటిదే. 2019లో వచ్చింది. మామూలు 9100 కంటే చవక కాబట్టి ఆ రోజుల్లో అసెంబుల్డ్ సిస్టమ్‌లలో బాగా వేశారు. దాంతో పాటు ఏదో ఒక చిన్న గ్రాఫిక్స్ కార్డు తప్పనిసరిగా పెట్టాల్సి వచ్చేది, లేకపోతే స్క్రీనే రాదు. డీటీపీ పనికి పెద్దగా అవసరం లేని కార్డు మీ సిస్టమ్‌లో ఉందంటే మీదీ అదే ప్రాసెసర్ అయ్యే అవకాశం ఎక్కువ. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో అబౌట్ తెరిస్తే ప్రాసెసర్ పూర్తి పేరు కనిపిస్తుంది. చివర ఎఫ్ ఉంటే పైనున్న వీజీఏ మోటారు లేని బోరుకు బిగించిన కుళాయి లాంటిది. మదర్‌బోర్డు కొత్తది వేసినా అందులోంచి బొమ్మ రాదు. షాపువాళ్లు చెప్పినట్టు మార్చి ఉంటే డబ్బూ పోయేది, సమస్యా అలాగే ఉండేది.

ఎఫ్ లేకపోతే మాత్రం ఆ వీజీఏను వాడుకోవచ్చు. సిస్టమ్ ఆన్ చేయగానే డిలీట్ గానీ ఎఫ్2 గానీ నొక్కుతూ ఉంటే బయోస్, అంటే విండోస్ కంటే ముందు వచ్చే మదర్‌బోర్డు సెట్టింగుల తెర, తెరుచుకుంటుంది. అందులో గ్రాఫిక్స్‌కు సంబంధించిన చోట ‘ఐజీపీయూ మల్టీ మానిటర్’, ‘ఐజీడీ మల్టీ మానిటర్’, ‘ఇంటర్నల్ గ్రాఫిక్స్’ వంటి పేరుతో ఒక సెట్టింగ్ ఉంటుంది. కంపెనీని బట్టి పేరు మారుతుంది. దాన్ని ఎనేబుల్ చేసి, ఎఫ్10 నొక్కి సేవ్ చేస్తే సరి. ఆ తర్వాత విండోస్‌లో ఇంటెల్ గ్రాఫిక్స్ డ్రైవర్ (ఆ భాగాన్ని విండోస్‌తో పనిచేయించే సాఫ్ట్‌వేర్) కూడా వేసుకోవాలి. పైసా ఖర్చులేని మార్గమే అయినా, సీజన్ మధ్యలో బయోస్ జోలికి వెళ్లమని మీకు నేను చెప్పను. పక్కనే కార్డు మీద మంచి పోర్టు ఖాళీగా ఉంది.

ఇక స్ప్లిటర్ సంగతి. చాలామంది దీని దగ్గరే మోసపోతారు, కాదు, పొరబడతారు అనాలి, ఎందుకంటే అమ్మేవాళ్లలో కూడా తెలియని వాళ్లు చాలామంది ఉన్నారు. స్ప్లిటర్ చేసే పని ఒక్కటే, వచ్చిన బొమ్మను రెండు కాపీలు తీయడం. షోరూముల్లో వరసగా పెట్టిన టీవీలన్నింట్లో ఒకే వీడియో ఆడించడానికి అది పనికొస్తుంది. మానిటర్‌ను కేబుల్‌తో కలపగానే తన మోడల్ ఏమిటో, ఎంత రిజల్యూషన్ చూపించగలదో ఆ కేబుల్ ద్వారానే కంప్యూటర్‌కు చెబుతుంది. స్ప్లిటర్ మధ్యలో ఉంటే కంప్యూటర్‌కు తెలిసేది ఒక మానిటరే. ఇప్పుడు స్ప్లిటర్ ఉండగానే డిస్‌ప్లే సెట్టింగ్స్ తెరిచి చూడండి, 1 అని రాసిన డబ్బా ఒక్కటే కనిపిస్తుంది. రెండో మానిటర్ ఉందనే తెలియని కంప్యూటర్ దాని మీద వేరే పేజీ ఎలా చూపిస్తుంది? అందుకే ఎన్ని సెట్టింగులు మార్చినా మీకు ఒకే బొమ్మ వచ్చింది. రెండు మానిటర్లలో రెండు వేర్వేరు పనులు కావాలంటే కార్డు నుంచి రెండు వేర్వేరు కేబుళ్లు రావాలి.

ఇప్పుడు కేబుల్. కార్డు మీది తెల్ల పోర్టును టార్చి వేసి దగ్గరగా చూడండి. మూడు వరసల్లో, వరసకు 8 చొప్పున 24 రంధ్రాలు, ఒక పక్కన సన్నటి అడ్డగీత లాంటి చీలిక ఉంటాయి. ఆ చీలికకు పైన రెండు, కింద రెండు విడి రంధ్రాలు ఉన్నాయా లేవా అన్నదే ముఖ్యం. లేకపోతే అది డీవీఐ–డి. కొట్లో 24+1 అంటారు. అందులో డిజిటల్ సిగ్నల్ మాత్రమే వస్తుంది. ఆ నాలుగూ ఉంటే డీవీఐ–ఐ, అంటే 24+5. అందులో పాత వీజీఏ సిగ్నల్ కూడా ఉంటుంది. ఇటీవలి చిన్న కార్డుల మీద ఎక్కువగా కనిపించేది 24+1.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, డీవీఐ అనగానే కొట్లో డీవీఐ నుంచి వీజీఏకి మార్చే చిన్న కన్వర్టర్ చేతిలో పెడతారు. లోపల చిప్ లేకుండా ఊరికే పిన్నులు కలిపే ఆ చవక ముక్క 24+1 పోర్టుతో పనిచేయదు. డిజిటల్ సిగ్నల్‌ను వీజీఏగా మార్చాలంటే మధ్యలో చిప్ ఉండాలి. మీకు ఆ గొడవే అక్కర్లేదు, ఎందుకంటే మీ కొత్త మానిటర్‌కు హెచ్‌డీఎంఐ ఉంది. డీవీఐలోనూ హెచ్‌డీఎంఐలోనూ నడిచే వీడియో సిగ్నల్ ఒకటే తరహాది. మధ్యలో ఏ చిప్పూ లేకుండా నేరుగా కలుస్తుంది. కాబట్టి కొట్టుకు వెళ్లి ‘ఒక చివర డీవీఐ 24+1 మేల్, రెండో చివర హెచ్‌డీఎంఐ మేల్ ఉన్న కేబుల్’ అని అడగండి. మేల్ అంటే పోర్టులోకి దూరే చివర. కాగితం మీద రాసుకెళ్లి చూపించండి. మీటరున్నర పొడవు చాలు. మామూలు కంపెనీది కొన్ని వందల రూపాయల్లోనే వస్తుంది. బంగారు పూత అనీ, 4కే అనీ ఎక్కువ ధర చెబితే తీసుకోకండి. మీ 22 అంగుళాల మానిటర్‌కు 1920 × 1080 కావాలి. డీవీఐకి అది తేలికైన పని.

కేబుల్ పెట్టేముందు ఒక జాగ్రత్త. సీపీయూ రేకు మీద చెయ్యి పెడితే మీకు ఎప్పుడైనా జివ్వుమనిపించిందా? అలా ఉంటే మీ ప్లగ్గులో ఎర్తింగ్ సరిగా లేదని అర్థం. చిన్న ఊళ్లలో అద్దె షాపుల్లో ఇది చాలా ఎక్కువ. మూడో పిన్ను ఉన్నా దాని వెనక వైరు ఉండదు. అలాంటి చోట ఆన్‌లో ఉన్న మానిటర్‌నూ ఆన్‌లో ఉన్న సీపీయూనూ కేబుల్‌తో కలిపితే ఆ క్షణంలో పోర్టు కాలిపోవచ్చు. కార్డులు, మానిటర్లు ఊరికే పోయాయని అనుకునే వాటిలో కొన్ని ఇలా పోయినవే. విండోస్ షట్‌డౌన్ చేయండి. సీపీయూకూ రెండు మానిటర్లకూ ప్లగ్గు తీసేయండి. కేబుల్ రెండు చివరలూ పెట్టాక అప్పుడు కరెంట్ ఇవ్వండి. మానిటర్లు రెండూ, సీపీయూ ఒకే స్పైక్ బోర్డులో ఉంటే మంచిది. వీలు చూసుకుని ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్తింగ్ చూపించండి. ఇది మానిటర్ కోసమే కాదు, అక్కడ పనిచేసే మీ కోసం కూడా.

డీవీఐ చివరకు అటూ ఇటూ రెండు చిన్న మరలు ఉంటాయి. చేత్తో తిప్పి బిగించండి, వదులుగా వదిలేస్తే సీపీయూ కదిపినప్పుడల్లా స్క్రీన్ మినుకుమంటుంది. పిన్నులు దిగకపోతే బలవంతంగా నొక్కొద్దు, ఒక్కటి వంగినా రంగులు తేడా వస్తాయి.

యూపీఎస్ మీద బరువు పడుతుందేమోనన్న భయం వద్దు. 22 అంగుళాల ఎల్‌ఈడీ మానిటర్ 20, 25 వాట్ల కంటే పెద్దగా తీసుకోదు. మామూలు 600 వీఏ యూపీఎస్ దాన్ని మోస్తుంది, బ్యాకప్ కొంచెం తగ్గుతుంది అంతే. లేజర్ ప్రింటర్‌ను మాత్రం ఆ యూపీఎస్‌కు పెట్టకండి.

సిస్టమ్ ఆన్ అయ్యాక కొత్త మానిటర్ మీద మళ్లీ ‘నో సిగ్నల్’ వస్తే కంగారు పడకండి. మీరు ఇంతకుముందు దానికి వీజీఏ పెట్టారు కదా, అది ఇంకా వీజీఏ వైపే చూస్తూ ఉండొచ్చు. మానిటర్ కింద గానీ వెనక గానీ ఉన్న బటన్లలో సోర్స్ లేదా ఇన్‌పుట్ అన్నది నొక్కి హెచ్‌డీఎంఐ ఎంచుకోండి. తర్వాత కీబోర్డులో విండోస్ గుర్తు ఉన్న కీ పట్టుకుని పి నొక్కండి. నాలుగు ఆప్షన్లు వస్తాయి. అందులో ‘ఎక్స్‌టెండ్’ ఎంచుకోండి. ‘డూప్లికేట్’ అంటే మళ్లీ స్ప్లిటర్ చేసిన పనే.

ఇప్పుడు డెస్క్‌టాప్ మీద రైట్ క్లిక్ చేసి డిస్‌ప్లే సెట్టింగ్స్ తెరవండి. ఈసారి 1, 2 అని రెండు డబ్బాలు కనిపిస్తాయి. ‘ఐడెంటిఫై’ నొక్కితే ఏ మానిటర్ నంబర్ ఏమిటో ఆ స్క్రీన్ మీదే పెద్దగా చూపిస్తుంది. మీ టేబుల్ మీద కొత్త మానిటర్ ఎడమవైపు ఉంటే, ఇక్కడ కూడా దాని డబ్బాను మౌస్‌తో లాగి ఎడమవైపు పెట్టండి. ఇది చేయకపోతే మౌస్‌ను ఎడమకు జరిపితే కుడివైపు మానిటర్‌లో తేలుతూ చికాకు పెడుతుంది. రెండు డబ్బాల పై అంచులు కలిసేలా పెట్టండి. ఒకటి ఎత్తుగా, ఒకటి కిందుగా ఉంటే మౌస్ ఆ మూల దగ్గర గోడకు తగిలినట్టు ఆగిపోతుంది. మీరు పేజీ కట్టే మానిటర్ డబ్బా మీద నొక్కి, కిందకు వెళ్లి ‘మేక్ దిస్ మై మెయిన్ డిస్‌ప్లే’ టిక్ పెట్టండి. రిజల్యూషన్ దగ్గర రెండింటికీ ‘రికమెండెడ్’ అని ఉన్నదే ఉంచండి.

రెండో డబ్బా రాకపోతే డివైస్ మేనేజర్‌లో డిస్‌ప్లే అడాప్టర్స్ చూడండి. అక్కడ మీ కార్డు పేరు బదులు ‘మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్’ అని ఉంటే డ్రైవర్ లేదన్నమాట. ఆ స్థితిలో ఒక మానిటరే పనిచేస్తుంది. కార్డు కంపెనీ సైట్ నుంచే డ్రైవర్ దింపుకోండి. డ్రైవర్లు అని చెప్పి ఏవేవో అంటగట్టే సైట్ల జోలికి పోవద్దు.

మీ పనికి ఇది ఎలా ఉపయోగపడుతుందో కూడా చెప్పాలి. వాట్సాప్ ఫొటో పక్క మానిటర్‌లో పూర్తి సైజులో తెరిచి పెట్టుకుని, ముందున్న దానిలో టైప్ చేసుకోండి. విండోస్ కీ, షిఫ్ట్ రెండూ పట్టుకుని ఎడమ లేదా కుడి బాణం నొక్కితే తెరిచి ఉన్న విండో అలాగే పక్క మానిటర్‌లోకి వెళ్తుంది. మౌస్‌తో లాగనక్కర్లేదు. ఫొటోషాప్‌లో, కోరెల్‌లో ఒకే ఫైల్‌ను ‘న్యూ విండో’తో రెండుసార్లు తెరవచ్చు. ఒక మానిటర్‌లో కార్డు మొత్తం, రెండోదానిలో ఒత్తులూ దీర్ఘాలూ కనిపించేంత పెద్దగా. పెళ్లికొడుకు ఇంటిపేరులో ఒత్తు జారిపోతే ఎంత గొడవవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. అచ్చుకు ఇచ్చే ముందు ఇలా చూసుకుంటే చాలా తప్పులు అక్కడే దొరుకుతాయి.

రంగుల విషయంలో మాత్రం రెండో మానిటర్‌ను నమ్మొద్దు. వేర్వేరు కంపెనీలవి, వేర్వేరు వయసులవి రెండు మానిటర్లు పక్కపక్కన పెడితే ఒకే పసుపు ఒకదానిలో నిమ్మపండులా, ఇంకోదానిలో నారింజకు దగ్గరగా కనిపిస్తుంది. కుంకుమ ఎరుపు కూడా అంతే. మీ ప్రింటర్‌లో వచ్చే రంగుకు పాత మానిటర్ ఎంత దగ్గరో మీ కంటికి ఇప్పటికే అలవాటై ఉంటుంది. రంగులు దాని మీదే చూసుకోండి, కస్టమర్‌కు రంగు చూపించాల్సి వచ్చినా దాని మీదే చూపించండి. కొత్తదాని బ్రైట్‌నెస్ తగ్గించి, కలర్ టెంపరేచర్ రెండింట్లో ఒకేలా పెడితే తేడా కొంత తగ్గుతుంది, పూర్తిగా పోదు.

ఇంకో మాట. రెండో మానిటర్ రాగానే దాన్ని కస్టమర్ల వైపు తిప్పి ప్రూఫ్ చూపించాలనిపిస్తుంది. శుభలేఖలకైతే బాగుంటుంది, వాళ్లే పేర్లు సరిచూసుకుంటారు. కానీ మీరు అప్లికేషన్లు కూడా నింపుతారు. ఒకరి ఆధార్, బ్యాంకు ఖాతా, కూతురి పుట్టినతేదీ, వాట్సాప్‌లో వచ్చే ఇంకొకరి పత్రాలు కౌంటర్ దగ్గర నిలబడ్డ వాళ్లందరికీ కనిపించకూడదు. మీ మీద నమ్మకంతో ఇచ్చిన కాగితాలవి. అందుకే అది మీ వైపే ఉండనివ్వండి. ప్రూఫ్ చూపించాల్సినప్పుడు మాత్రం తిప్పి, అప్పటికి వాట్సాప్ మూసేయండి.

ఎత్తు విషయంలో, రెండు మానిటర్ల పై అంచులు ఒకే వరసలో ఉంటే మెడ లాగదు. స్టాండ్ కొననక్కర్లేదు, మీ దగ్గర ఎలాగూ ఏ4 బండిళ్లు ఉంటాయి. 500 కాగితాల 75 జీఎస్ఎం బండిల్ సుమారు 5 సెంటీమీటర్ల మందం ఉంటుంది. విప్పని బండిల్ ఒకటో రెండో కింద పెడితే సరిపోతుంది.

ఎప్పుడైనా రెండో మానిటర్ ఆపేసినప్పుడు ఏదో ఒక ప్రోగ్రామ్ తెరిచినా కనిపించకుండా పోతే, అది లేని మానిటర్‌లో తెరుచుకుంటోందని అర్థం. టాస్క్‌బార్‌లో దాని గుర్తు మీద షిఫ్ట్ పట్టుకుని రైట్ క్లిక్ చేయండి. ‘మూవ్’ నొక్కి, ఏదైనా బాణం కీ ఒకసారి తట్టి మౌస్ కదిపితే విండో మౌస్ వెంట వచ్చేస్తుంది. ‘మూవ్’ నొక్కనివ్వకపోతే ముందు ‘రీస్టోర్’ నొక్కండి.

ఇదే సమస్య ఉన్న మిగతా పాఠకులకు ఒక ముక్క. ఆఫీసుల నుంచి వచ్చిన రీఫర్బిష్డ్ (వాడినవి బాగుచేసి మళ్లీ అమ్మే) డెస్క్‌టాప్‌లు కొన్నవాళ్లకు చాలాసార్లు హెచ్‌డీఎంఐ ఉండదు, వీజీఏ పక్కన డిస్‌ప్లేపోర్ట్ ఉంటుంది. చూడ్డానికి హెచ్‌డీఎంఐలా ఉన్నా ఒక మూల మాత్రమే కోసినట్టు ఉంటుంది. దానికి ‘డీపీ టు హెచ్‌డీఎంఐ’ కేబుల్ కొనాలి. ఆ కేబుల్ ఒకవైపే పనిచేస్తుంది, కంప్యూటర్‌లో హెచ్‌డీఎంఐ, మానిటర్‌లో డీపీ ఉన్నవాళ్లకు పనికిరాదు. తీసేటప్పుడు కొన్ని కేబుళ్లకు పైన చిన్న బటన్ ఉంటుంది, అది నొక్కకుండా లాగితే పోర్టే ఊడి వస్తుంది.

మీరు కొన్న స్ప్లిటర్‌ను బిల్లుతో సహా తీసుకెళ్లి, ఇది నా పనికి రాదని చెప్పి వెనక్కి ఇవ్వండి. డబ్బు ఇవ్వకపోయినా, దాని బదులు ఆ 24+1 డీవీఐ కేబుల్ ఇమ్మని అడగండి. ఇదంతా చేశాక కూడా రెండో స్క్రీన్ రాకపోతే సీపీయూ వెనక భాగం ఫొటో, అబౌట్‌లో కనిపించిన ప్రాసెసర్ పేరు, డివైస్ మేనేజర్‌లో కార్డు పేరు రాసి పంపండి. పెళ్లిళ్ల సీజన్ అన్నారు కాబట్టి మీ ఉత్తరానికి ముందుగా జవాబు ఇస్తాను.